నలభై దాటని బండి

ఎనభై నాలుగు మాడలు పద్మిని.
కాజీపేట డీజిల్ షెడ్డు గుమాస్తా ఒకాయన
రాత్రిపూట కండ్లు ఆనుతలేవని అమ్మకానికి పెడితె
బేరమాడుడు రాక అడిగినంతా ఇచ్చి తెచ్చుకున్న.
పెరుగన్నం రంగు.
తలుపేస్తే ఇనుప బీరువ మూసిన సప్పుడు.

దోస్తులు సుట్టు తిరిగి అడిగిండ్రు:
అల్లాయ్ వీల్సా? డిక్కీల ఊఫరా?
బానెట్ మీద పులి బొమ్మ ఏపిస్తవా?
నేనన్న, ఏం వద్దు,
దీనికి పింఛను మంజూరు చేపిస్త.

శనివారం పొద్దుగాల మొదలువెట్టిన.
స్టేషన్ రోడ్డుల చెక్కపూసల సీటు దొరికింది,
దిగేటప్పటికి ఈపు మీద ఎక్కాల పుస్తకం అచ్చయితది.
వెనక సీటుకు కొత్తవాడ జంపఖానా,
దాని మీద తెల్ల టవలు,
నాలుగు మూలలకు నాలుగు పిన్నీసులు.
ఒక గొడుగు, ఒక ఫ్లాస్కు, బామ్ సీసా,
సెల్లు లేని టార్చి,
గిలాసెడు రబ్బరు బ్యాండ్లు, ఎందుకని అడగొద్దు.

వెనక అద్దం కింద తలూపే కుక్క.
గుంతొస్తె అవునంటది,
స్పీడు బ్రేకరొస్తె అవునవునవునంటది.
మా మేనేజరు ముంగట నేను గూడ గంతే,
దాన్ని ఏమనబుద్ది గాలె.

రవళి నవ్వి నవ్వి, ఆఖరికి ఊలు తీసింది.
స్టీరింగుకు తొడుగు అల్లింది.
స్టీరింగు పక్కపొంటి పొడుసుకొచ్చిన గేరు కర్రకు
చిన్న మంకీ టోపి.
చలికి తట్టుకోదు పాపం, అన్నది
ఏప్రిల్ నెల దగ్గరికొస్తున్నా.

ఒక డైరీ గూడ. తేది, లీటర్లు, గాలి, రిమార్క్స్.
మొదటి రిమార్కు నాదే:
ఇంజను మంచిగున్నది. లోకమే సప్పుడు చేస్తున్నది.

ఇగ బయలెల్లిన.
నాకు ముప్పై రెండు, బండికి నలభై దాటినయి,
ముల్లు మాత్రం నలభై దాటదు.
పోచమ్మ మైదానుల కుడి ఇండికేటరు ఏసిన,
ములుగు రోడ్డు మీద యాదికొచ్చింది.
నీళ్ల ట్యాంకరు దాటింది, సైకిలు మీద పాలాయన దాటిండు,
ఒక బర్రె పక్కకొచ్చి, నా మొకం చూసి,
జాలిపడి, ముంగటికి పోయింది.

సుబేదారి ట్రెజరీ కాడ చాయ్ కోసం ఆపిన.
బతికే ఉన్నమని కాయితం ఇచ్చే దినాలవి.
అడుగలే, చెప్పలే,
ఇద్దరు పెద్దమనుషులు వెనక తలుపు తీసి కూసున్నరు.
పోనియ్యి బిడ్డా, వడ్డేపల్లి.

మొగిలయ్య సారు, సర్వేయరుగ రిటైరు.
బండినంత కొలిచినట్టు చూసిండు.
టవలు తెల్లది తెచ్చినవేంది? మాసుడు కనవడ్తది,
చాక్లెట్ రంగుది ఉండాలె.
కుక్క మొకం లోపలికి పెట్టినవ్,
వెనకొచ్చేటోని దిక్కు తిప్పు.
వాడు హారన్ కొడుతుంటె
ఇది అవునవునని సల్లవరచాలె.
డైరీకి ఒకటే పెన్నా?
రెండుండాలె. ఒకటి రాసేది,
ఒకటి రాయంది, ఎవలన్న అడిగితె ఇయ్యనీకి.

నవ్వులకు చేసిన సార్, అందామని నోరు తెరిసిన.
అంకూస్ సారు జంపఖానా మీద అప్పటికే నిద్రపోయిండు,
గురక మూడో గేరుతోని సరిగ్గ కలిసింది.
నోరు మూసుకొని
గేరు మార్చకుంటనే నడిపిన.

వడ్డేపల్లిల దిగి
పెట్రోలు లెక్క గట్టి, పదకొండు రూపాయలు
చేతుల పెట్టిండు మొగిలయ్య సారు.
వద్దంటే కోపానికొచ్చిండు.
డైరీ అడిగి, తన పెన్నుతోనే ఏందో రాసిండు.

రాత్రి టార్చికి సెల్లేసి సదివిన.
గుండ్రటి అచ్చరాలు, కింద సంతకం, తేది:
బండి తృప్తికరం.
డ్రైవరుకు వయసు తక్కువ.
నేర్చుకుంటడు.

కుక్కను అటు తిప్పి పెట్టి
ఇంట్లకు పోయిన.